ఒక్క మెతుకు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో ఎవ్వరును కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడరు. గరిటెతో ఒక్క మెతుకును పైకి దీసి, వ్రేళ్ల నడుమ నలిపి, అది మెత్తపడినచో కుండను దించి గంజి వార్చుదురు. శాస్త్రకారులు దీనికే స్థాలీపులాకన్యాయమని పేరు పెట్టిరి. ఒకే నీట, ఒకే సెగపై, ఒకే కాలము ఉడికిన గింజలు గావున ఒకదాని స్థితి తక్కినవాని స్థితిని తెలుపును. ఈ న్యాయమును మేము చిన్ననాట తర్కము చదువుకొనునపుడు నేర్చితిమి. ఇరువదియేండ్లుగా బడిలో పిల్లలకు చెప్పుచున్నాము. అది యెక్కడ చెల్లదో మాత్రము నలువది దాటిన పిమ్మట గాని మాకు తెలియలేదు. తెలిసిన విధమును చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసమునందు మా యుద్దేశము. ఇందు మేము సిగ్గుపడవలసిన సంగతి కొంత కలదు. దానిని దాచుటవలన ఎవ్వరికిని మేలు లేదు గనుక చెప్పుచున్నాము.

2020వ సంవత్సరమున మహమ్మారివలన బడులు మూతపడినపుడు మాకు తీరిక దొరకెను. ఆ తీరికలో పైథాన్ అను ప్రోగ్రామింగు భాషను నేర్చుకొంటిమి. వ్యాకరణముతో కుస్తీపట్టినవారికి ఆ భాష మిక్కిలి కష్టమైనది కాదు. పిమ్మట ఆ భాషలో వెబ్ పుటలను నిర్మించుటకు ఫ్లాస్కు అను ఫ్రేమ్‌వర్కు కలదని తెలిసి, దానిని గూడ అభ్యసించితిమి. దీని పుట్టుక వింతయైనది. ఆస్ట్రియా దేశస్థుడగు ఆర్మిన్ రోనాకర్ 2010 ఏప్రిల్ 1వ తేదీన పరిహాసమునకై ఒక అతిచిన్న ఫ్రేమ్‌వర్కును ప్రకటించెను. జనులు దానిని నిజమని నమ్మి ఆదరించుట చూచి, ఆ యేడే ఫ్లాస్కును నిజముగానే నిర్మించెను. వెర్క్‌ట్సొయిగ్, జింజా అను రెండు ఉపకరణములపై ఇది నిలిచియున్నది. మొదటి పేరునకు జర్మను భాషలో పనిముట్టని యర్థము. ఫ్లాస్కు తన వెంట డేటాబేసును తీసికొనిరాదు; ఫారములలోని తప్పొప్పులను చూచు సాధనమును తీసికొనిరాదు. ఏ చిరునామాకు వచ్చిన కోరికకు ఏ ఫంక్షను జవాబీయవలెనో చెప్పుట దాని ముఖ్యమైన పని. అయిదాఱు పంక్తులు వ్రాసినచో బ్రౌజరులో ఒక పుట తెఱచుకొనును. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పండుగ చేసికొందురని లోకము పరిహసించును గదా; మాకును ఆ లాఘవమే నచ్చెను. అయితే సూత్రము లఘువైన కొలది వ్యాఖ్యాత బరువు పెరుగునను మాట ఆ సంతోషములో మఱచితిమి.

ఆ సాధనముతో మా పాఠశాలకు హాజరు లెక్కల ప్రోగ్రామొకటి వ్రాసితిమి. ప్రతి తరగతి ఉపాధ్యాయుడును ఉదయము తన ఫోనులో హాజరు నమోదు చేయును. సంవత్సరము చివర ఎవ్వరికి ఎన్ని దినముల హాజరు కలదో ప్రోగ్రాము లెక్కించి, హాజరు చాలనివారి పట్టీని, వారి యిండ్లకు పంపవలసిన జాబులను సిద్ధము చేయును. పరీక్షకు కూర్చుండుటకు హాజరు నూటికి 75 వంతులకు తగ్గరాదనునది నియమము. పనియంతయు ముగించిన నాడు బ్రౌజరు తెఱచి, నలుగురైదుగురు పిల్లల లెక్కలు చూచితిమి. ఒకరికి 92 వంతులు, ఒకరికి 61, మఱియొకరికి 84. అన్నియు సరిగా నుండెను. మెతుకు ఉడికినదనుకొని కుండ దించితిమి. తోడి ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి. మాకు కొంచెము గర్వము గూడ కలిగెను.

ఆ ప్రోగ్రాము రెండేండ్లు నడిచెను. 2024వ సంవత్సరమున, పదవ తరగతి పరీక్షలకు కొలదిదినములు ముందు, ఒక బాలిక గ్రంథాలయపు పుస్తకమును తిరిగి యిచ్చుటకు మా గదికి వచ్చెను. ఎనిమిది దినములుగా ఆమె బడికి వచ్చుట లేదు. కారణమడుగగా, పరీక్షకు అర్హత లేదని జాబు వచ్చినదనియు, తల్లితో కూడ రొయ్యల షెడ్డునకు పనికి పోవుచున్నాననియు చెప్పెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. పుస్తకము బల్లపై నుంచి, వెళ్లబోయి, మరల తిరిగి నిలువబడెను.

“మాస్టారూ, ఒక్క మాట అడగొచ్చాండి?”

“అడుగమ్మా.”

“ఈ యేడు రెండువందల ఎనిమిది రోజులు బడి జరిగిందండి. నేను యాభైరెండు రోజులే మానాను. అమ్మకి బాగోలేనప్పుడు. మానిన రోజు మానినట్టు రాసుకున్నానండి. రెండువందల ఎనిమిదిలో నాలుగో వంతు యాభైరెండే గదండీ? అంటే ముప్పాతిక వచ్చినట్టే గదండీ?”

ఆమె నోటుపుస్తకము చివరి పుటను తెఱచి చూపెను. పెన్సిలుతో గీచిన గీతలు, అయిదేసి చొప్పున కట్టలు కట్టినవి, యాబదిరెండు ఉండెను. మేము లెక్క వేసి చూచితిమి. 208లో 156. సరిగా నూటికి 75. ఒక్క వీసము ఎక్కువ లేదు, తక్కువ లేదు. ప్రోగ్రామును తెఱచి ఆ పంక్తిని చదివితిమి. నియమము “75కు తగ్గరాదు” అని చెప్పుచుండగా, మేము “75ను మించవలెను” అని వ్రాసియుంటిమి. అన్యూనమునకును అధికమునకును గల భేదమది. ఆ భేదమును పిల్లలకు బోధించి జీతము తీసికొనువారము, ఒక్క గుర్తునొద్ద దానిని మఱచితిమి.

ఆ సాయంకాలమే ఆ బాలిక యింటికి పోతిమి. తండ్రి తాపీపని చేయువాడు. మేము తప్పొప్పుకొనగా అతడు కోపింపలేదు, ఆశ్చర్యపడెను. “కంప్యూటరు తప్పు చెప్పదన్నారండి. అందుకే మేమింకేం అడగలేదండి,” అని యనెను. జాబు తప్పని ప్రధానోపాధ్యాయులు వ్రాసి యిచ్చిరి. బాలిక మఱునాటినుండి బడికి వచ్చి, పరీక్షలు వ్రాసి, ఉత్తీర్ణురాలయ్యెను. ఈ కథ యింతటితో ముగిసినచో మాకు నిదుర పట్టియుండెడిది. ముగియని భాగమును చివర చెప్పెదము.

మేము చేసిన తప్పు ఒక్క గుర్తుతో పోయినది. ఆ తప్పునకు కారణమైన యాలోచన అంతకంటె పెద్దది. కుండలోని మెతుకులు సజాతీయములు. ప్రోగ్రాములోని సందర్భములు సజాతీయములు కావు. 92 వంతుల హాజరు గల పిల్లవానికి సరియైన జవాబు వచ్చినంతమాత్రమున 75 వంతుల పిల్లకు సరియైన జవాబు వచ్చునని నమ్ముటకు ఆధారము లేదు. నియమము మారునట్టి సరిహద్దు ఎక్కడనో అక్కడనే తప్పు దాగియుండును. నడుమనున్నవానిని ఎన్ని మారులు చూచినను అది బయటపడదు.

చిత్రమేమనగా, ఈ సంగతి మన వ్యాకర్తలు బాగుగా ఎఱిగినదే. వారు సూత్రమునకు ఉదాహరణమొక్కటి యిచ్చి ఊరకుండరు; ప్రత్యుదాహరణము గూడ నిత్తురు. ఉకారమునకు అచ్చు పరమైనపుడు సంధి యగునని చెప్పి, రాముడు, ఇచ్చట అనునవి కలిసి రాముడిచ్చట యగునని చూపుదురు. పిమ్మట, అచ్చు పరమైనపుడని యేల చెప్పవలెనని తామే ప్రశ్నించుకొని, రాముడు వచ్చెను అనుచోట సంధి కాకుండుటకని చెప్పుదురు. నియమము పోవలసినచోటికి పోకున్న అవ్యాప్తి. పోరానిచోటికి పోయిన అతివ్యాప్తి. పదపదమునకును ఇట్లు ప్రయోజనము విచారించుటయే వారి పద్ధతి. మా ప్రోగ్రామున పుట్టినది అవ్యాప్తిదోషము. ఆ బాలికకు చెందవలసిన నియమము ఆమెకు చెందలేదు. ఒక్క ప్రత్యుదాహరణము వ్రాసికొనియున్నచో తొలినాడే తెలిసియుండెడిది.

ఇప్పుడు ప్రోగ్రాములు వ్రాయువారు ఈ పద్ధతినే యూనిట్ టెస్టింగు అందురు. అమెరికా దేశస్థుడగు కెంట్ బెక్ 1994లో స్మాల్‌టాక్ భాషకు ఇట్టి పరీక్షల పద్ధతిని వివరించెను. 1997లో అతడును ఎరిక్ గామాయు జ్యూరిక్ నుండి అట్లాంటాకు విమానములో పోవుచు జావా భాషకు జేయూనిట్ అనుదానిని వ్రాసిరి. పైథాన్ భాషలో ఇట్టి సాధనము 2001 నుండి భాషతోపాటే వచ్చుచున్నది. మేము వాడుచున్నది పైటెస్ట్ అను మఱియొకటి. యూనిట్ అనగా విడిగా నిలువగల చిన్న భాగము. ఆ భాగమును తక్కినదానినుండి వేఱుచేసి, ఇది యిచ్చినచో ఇది రావలెనని ముందుగా వ్రాసియుంచి, వచ్చినదో లేదో యంత్రముచేతనే చూపించుట దాని సారము.

మేము మొదట చేసిన పని లెక్కను పుటనుండి విడదీయుట. అంతకు పూర్వము హాజరు లెక్క, డేటాబేసులోని చదువు, తెరపై చూపు పుట, అన్నియు ఒక్క ఫంక్షనులోనే కలగాపులగమై యుండెను. ఇప్పుడు లెక్క యొక్కటే వేఱుగా నున్నది. దానికి రెండు సంఖ్యలిచ్చినచో అర్హత కలదో లేదో చెప్పును. వెబ్ అను మాట దానికి తెలియదు. పిమ్మట పరీక్ష వ్రాసితిమి: 208లో 155 ఐనచో లేదు, 156 ఐనచో కలదు, 157 ఐనచో కలదు. ఆ పరీక్షను పాత ప్రోగ్రాముపైననే ముందు నడిపితిమి. పైటెస్ట్ నెగ్గిన ప్రతి పరీక్షకును ఒక చుక్కను, ఓడినదానికి ఎఫ్ అను అక్షరమును చూపును. రెండు చుక్కల నడుమ ఒక ఎఫ్ కనబడెను. ఆ యక్షరము మా గుండెకు తగిలెను. అయినను అది కనబడుట మంచిదయ్యెను. తప్పున్నపుడు ఓడిపోవని పరీక్ష తప్పు లేనపుడు నెగ్గిన ప్రయోజనమేమి? అటుపిమ్మట గుర్తును దిద్దితిమి. భిన్నములలో పడకుండ, వచ్చిన దినములను 4చేతను, జరిగిన దినములను 3చేతను గుణించి పోల్చునట్లు మార్చితిమి. ఆ బాలిక విషయమున రెండును 624 అగును. పూర్ణాంకముల లెక్కలో సందేహమునకు చోటు లేదు. దశాంశభిన్నములను యంత్రము ద్విసంఖ్యామానమున దాచుకొనుటవలన 0.1ని, 0.2ను కూడినపుడు సరిగా 0.3 రాదు.

దిద్దిన పిదప మఱియొక సరిహద్దు జ్ఞప్తికి వచ్చెను. బడి తెఱవని నాడు జరిగిన దినములు సున్న. పాత ప్రోగ్రాము సున్నచే భాగింపబోయి కూలియుండెడిది. క్రొత్తది సున్నకు సున్న సమానము గనుక అందఱును అర్హులే యని చెప్పెను. ఒక తప్పును దిద్దుటలో రెండవ తప్పు పుట్టెను. దానికిని ఒక పరీక్ష వ్రాసి, లెక్క యింకను ప్రారంభము కాలేదని జవాబు వచ్చునట్లు చేసితిమి.

ఇక పుటల సంగతి. వెబ్ ప్రోగ్రామనగా ఉత్తరములకు ప్రత్యుత్తరము లిచ్చు గుమాస్తా వంటిది. గుమాస్తాను పరీక్షించుటకు నిజముగా తపాలాలో ఉత్తరము వేయనక్కఱలేదు. మనమే కాగితము చేతికిచ్చి జవాబు చూడవచ్చును. ఫ్లాస్కులో టెస్ట్ క్లయంట్ అనునది సరిగా ఈ పని చేయును. సర్వరును నడపనక్కఱలేదు, బ్రౌజరును తెఱవనక్కఱలేదు. ఉన్న విద్యార్థి పుటను కోరినచో 200 అను సంఖ్య రావలెను. లేని విద్యార్థి సంఖ్య నిచ్చినచో 404 రావలెను. హాజరు తేదీ వ్రాయక పంపినచో 400 రావలెను. ఫ్లాస్కు ఫారములను తానై పరిశీలింపదని ముందే చెప్పితిమి. అది చేయని ప్రతి పనియు మన బాధ్యత గనుక, ఆ ప్రతి పనికిని మన పరీక్ష ఉండవలెను. టెస్టింగు అను గుర్తును సెట్టింగులలో ఉంచినచో లోపలి తప్పు 500 అను పుట వెనుక దాగక పరీక్షకు నేరుగా కనబడును.

ఒక్క చిక్కు మాత్రము ఉండెను. మా ప్రోగ్రాము తెఱచిన క్షణముననే పిల్లల నిజమైన డేటాబేసుతో ముడిపడుచుండెను. పరీక్ష నడిపినచో నిజమైన లెక్కలే చెడును. అందువలననే యిన్నినాళ్లు పరీక్షలనిన మాకు భయముగా నుండెనని ఇప్పుడు తోచుచున్నది. ప్రోగ్రామును పుట్టించు ఫంక్షనును వేఱుగా వ్రాసి, ఏ డేటాబేసు కావలెనో దానికి బయటినుండి చెప్పునట్లు మార్చితిమి. దీనిని అప్లికేషన్ ఫ్యాక్టరీ యందురు. ఇప్పుడు పరీక్షల కొఱకు యంత్రస్మృతిలో మాత్రమే యుండు చిన్న డేటాబేసు పుట్టును. పరీక్ష ముగియగానే మాయమగును. పిల్లల లెక్కలు వాని చోట అవి భద్రముగా నుండును.

మా బడిలోని యువకుడగు కంప్యూటరు ఉపాధ్యాయుడు ఇదంతయు చూచి, “ఒక్క గుర్తు మారిస్తే పోయేదానికి ఇంత గ్రంథమెందుకు మాస్టారూ?” అని నవ్వెను. మేము అప్పుడు జవాబు చెప్పలేకపోతిమి. రెండునెలలకు జవాబు దానంతట అదే వచ్చెను. వైద్యుని పత్రముతో తీసికొన్న సెలవులను వేఱుగా చూపుటకై ప్రోగ్రామును మార్చుచు, తెలియక ఆ పాత పంక్తినే మరల చెఱచితిమి. పరీక్షలు నడుపగా రెండు ఎఫ్‌లు వచ్చెను. ఆ తప్పు మా గది దాటి పోలేదు. ఆ యువకుడే ప్రక్కన కూర్చుండి చూచెను; అటుపిమ్మట నవ్వలేదు.

పరీక్షలు వ్రాసినంతమాత్రమున ప్రోగ్రాము నిర్దోషమగునని మేము చెప్పము. పరీక్షలు తప్పుల ఉనికిని చూపగలవు గాని వాని లేమిని చూపజాలవని డచ్చి పండితుడగు డైక్‌స్ట్రా 1970 ప్రాంతముననే హెచ్చరించెను. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఆరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణమున, ఎగసిన నలువది సెకండ్ల లోపలనే నాశమయ్యెను. ఆరియాన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము భాగమొకటి క్రొత్త రాకెట్టులో నుంచిరి. క్రొత్తదాని వేగము హెచ్చు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో నిముడ్పబోగా పట్టలేదు. క్రొత్త ప్రయాణపు సంఖ్యలతో ఆ భాగమును ముందుగా పరీక్షించియుండలేదు. పాత కుండలో ఉడికినది గనుక క్రొత్త కుండలోను ఉడుకునని నమ్మిరి. మహామేధావులకే యిట్లు జరిగినపుడు మనబోటివారు మఱింత జాగరూకులమై యుండవలెను గదా.

చదువరులలో పెక్కుమంది ప్రోగ్రాములు వ్రాయువారు కాకపోవచ్చును. అయినను ఇందు వారికిని సంబంధము కలదు. శాస్త్రము చెప్పినది, పెద్దలు చెప్పిరి అను మాటతో మన యిండ్లలో ఎన్ని ప్రశ్నలు నోటనే అణగిపోయెనో మీరెఱుగుదురు. ఆ కాలము పోవుచున్నదని మనము సంతోషించుచుండగా, ఆ పీఠముపై కంప్యూటరు వచ్చి కూర్చుండెను. రేషను, పింఛను, విద్యార్థివేతనము, బ్యాంకు లెక్క, అన్నియు ప్రోగ్రాములగుండ పోవుచున్నవి. వానిని వ్రాసినవారు మావంటి మనుష్యులే. కంప్యూటరు చెప్పినదనునపుడు, అట్లు చెప్పుమని దానికి చెప్పినదెవరు, చెప్పినవారు పరీక్షించి చూచిరా యని అడుగుట ప్రతి గృహస్థునకును హక్కు. ఆ తాపీపనివానికి అడుగవచ్చునని తెలియదు. అతని కూతురు అడిగెను. అడుగుటకు ముందు యాబదిరెండు గీతలు గీచికొని లెక్క చూచుకొనెను. మా ప్రోగ్రామునకు మొదటి యూనిట్ టెస్టు వ్రాసినది ఆ పిల్లయే యని మా నమ్మకము.

ఇక ముగియని భాగము. తప్పు తెలిసిన రాత్రి, ముందటి సంవత్సరపు పట్టీని గూడ తీసి చూచితిమి. 2023లో ఒక బాలునికి 200 దినములలో 150 దినముల హాజరు ఉండెను. అదియు సరిగా ముప్పాతికయే. వానికిని జాబు పోయెను. వాడు గీతలు గీచికొనలేదు, ఎవ్వరిని అడుగలేదు. ఇంటికి పోయి విచారింపగా, వాడు పరీక్ష మానినవెంటనే హైదరాబాదునకు పనికి పోయెనని బంధువులు చెప్పిరి. వారిచ్చిన ఫోను నంబరు పనిచేయలేదు. పాఠశాల పేర ఒక జాబు వ్రాసి వారియొద్దనే యుంచి వచ్చితిమి. వాడు వచ్చి పరీక్ష వ్రాయదలచినచో రుసుము మేము చెల్లింతుమని, చదువు చెప్పెదమని అందులో వ్రాసితిమి. ఇంతవరకు జవాబు రాలేదు.

మా ప్రోగ్రామున నేడు అఱువదికి పైగా పరీక్షలున్నవి. అన్నియు నడుచుటకు రెండు సెకండ్లు పట్టదు. వానిలో మొదటిది 208లో 156. రెండవది 200లో 150. రెండును ఒకే సంగతిని పరీక్షించుచున్నవి గనుక రెండవది అక్కఱలేదని ఆ యువకోపాధ్యాయుడు చెప్పెను. అతని మాట సరియైనదే. అయినను మేము దానిని తీసివేయలేదు.